కంప్యూటరు అచ్చులో విరిగిన అక్షరములు

బాన్సువాడ వంటి పట్టణములో నేడు ఒక శుభలేఖ అచ్చు వేయించుకొనుట చాల సులభమైన పని. కంప్యూటరు ముందు కూర్చున్న కంపోజిటరు వధూవరుల పేర్లు, ముహూర్తము, విందు వేళ టైపు చేసి అరగంటలో ప్రూఫు చేతికిచ్చును. సీసపు అక్షరములను పెట్టెలోని గళ్ళనుండి ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన కాలములో ఇదే పనికి ఒక పూట పట్టెడిది. ఇంత సౌకర్యము కలిగినను ఆ కంపోజిటరును కదిలించి చూడుడు. అతని నోట వచ్చునది విసుగే. "ఫోన్ల వచ్చిన తెలుగు దీంట్ల పేస్టు జేస్తే అక్షరాలన్ని ఇరుగుతున్నయి సార్. మళ్ల మొదటికెల్లి కొట్టాలె" అని చెప్పును. ఈ మాట బాన్సువాడలోనే కాదు, తెలుగు అచ్చగు ప్రతి ఊరిలోను వినబడునదే.

అక్షరము విరుగుట యనగా నేమి? "లక్ష్మి" అని ఉండవలసిన చోట "లక్‌ష్‌మి" అని, "స్త్రీ" అని ఉండవలసిన చోట "స్‌త్‌రీ" అని వచ్చుట. ఒత్తులు తమ స్థానమునకు దిగక, పొల్లు గుర్తులు పైకి తేలి, పదము చూచుటకే వికారముగా నుండును. ఇది కంపోజిటరు చేసిన తప్పు కాదు; అతడు సరిగానే టైపు చేసెను. కంప్యూటరు చెడిపోలేదు, అదే యంత్రములో మరొక సాఫ్ట్‌వేరు ఆ పదమునే చక్కగా చూపుచున్నది. అట్లయిన దోషమెక్కడ ఉన్నది? అందరికి తెలిసిన దోషము ఏండ్ల తరబడి తీరక ఎందుకు నిలిచిపోవుచున్నది? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో విచారింతము.

బగ్గు అనగా నేమి?

సాఫ్ట్‌వేరులోని దోషమును బగ్గు అందురు. ఇంగ్లీషులో ఈ మాటకు పురుగు అని అర్థము. యంత్రములలోని చిన్న లోపములను ఈ పేరుతో పిలుచుట కంప్యూటరు కంటె పాతది. థామస్ ఎడిసన్ 1878లో వ్రాసిన ఒక లేఖలోనే ఈ మాటను ఇట్టి అర్థములో వాడెను. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 అను గణనయంత్రములో, ఒక రిలేలో నిజముగానే రెక్కల పురుగొకటి దొరకినది. అక్కడి పనివారు దానిని దినచర్య పుస్తకములో అతికించి, నిజమైన పురుగు దొరకిన మొదటి సందర్భమిది యని చమత్కారముగా వ్రాసి పెట్టిరి. ఆ పుట నేటికిని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

ఆ పురుగును పటకారుతో తీసివేసిన యంత్రము నడిచినది. సాఫ్ట్‌వేరులోని పురుగు అట్టిది కాదు. అది వ్రాసినవాని ఆలోచనలో మిగిలిపోయిన వెలితి. అట్టి వెలితి తెలుగు అచ్చులో ఎట్లు ఏర్పడెనో తెలిసికొనుటకు ముందు, కంప్యూటరు అక్షరమును ఎట్లు గుర్తించునో చూడవలెను.

256 గదుల కాలము

కంప్యూటరునకు అక్షరములు తెలియవు. అంకెలు మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను సంకేతముగా నిర్ణయించుకొని, ఆ సంఖ్యనే అది దాచుకొనును. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ అను ప్రమాణములో 128 సంకేతములు మాత్రమే కలవు. ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరములకు, అంకెలకు, విరామ చిహ్నములకు అవి చాలినవి. తరువాత ఒక్కొక్క సంకేతమునకు పూర్తి బైటును, అనగా ఎనిమిది బిట్లను వాడుటచే ఆ సంఖ్య 256 అయినది. ఒక వీథిలో 256 గదులు, గదికొక అక్షరము అని ఊహించుకొనవచ్చును.

తెలుగు ఈ గదులలో ఇముడునా? హల్లులు 36 అనుకొని, ఒక్కొక్కదానికి 12 గుణింత రూపములు మాత్రమే లెక్కించినను 432 అగును. వీనికి తోడు అచ్చులు, ఒత్తులు, అంకెలు ఉండనే ఉన్నవి. కాన అక్షరములను గదులలో పెట్టుటకు వీలు లేకపోయినది. అప్పుడు ఫాంటు చేయువారు ఒక ఉపాయమును కనుగొనిరి. అక్షరములకు బదులు అక్షరపు ముక్కలను గదులలో ఉంచిరి. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తులు మరికొన్ని గదులలో చేరినవి. ఇంగ్లీషు అక్షరముల సంకేతములకు తెలుగు ముక్కల బొమ్మలను తొడిగిరన్నమాట. కంప్యూటరు దృష్టిలో అది ఏదో అర్థము లేని ఇంగ్లీషు పాఠము. తెరమీద, కాగితముమీద మాత్రము అది తెలుగు.

ఈ పద్ధతి పేజ్‌మేకరు అను పుటల కూర్పు సాఫ్ట్‌వేరునకు చక్కగా నప్పినది. ఆల్డస్ అను సంస్థ 1985లో దానిని విడుదల చేసెను. 1994లో ఆల్డస్ అడోబీ సంస్థలో కలిసిపోయినది. మనవైపు 1990ల తరువాత పేజ్‌మేకరు చిన్న ముద్రణాలయములన్నిట వ్యాపించినది. దానితోపాటు అను స్క్రిప్టు మేనేజరు, శ్రీలిపి వంటి తెలుగు ఫాంటు పరికరములు వచ్చినవి. కీబోర్డుమీద కంపోజిటరు నొక్కిన మీటలను ఈ పరికరము అందుకొని, తగిన ముక్కల సంకేతములుగా మార్చి పేజ్‌మేకరునకు అందించును. తెలుగునాట వేలకొలది మంది ఈ మార్గములోనే జీవనోపాధి పొందిరి. ఆ పని నేర్చిన వ్రేళ్ళు నేటికిని ఆ మీటలమీదనే పరుగెత్తుచున్నవి.

ఒక సంస్థ ఫాంటులో తలకట్టు ఉన్న గదిలో మరొక సంస్థ ఫాంటులో కొమ్ము ఉండవచ్చును. కావున ఒకరి పాఠము మరొకరి ఫాంటులో తెరచినచో గజిబిజి తప్ప మరేమియు కనబడదు. ఇది మొదటి చిక్కు.

యూనికోడు

దీనికి విరుగుడు భారతదేశములో ముందే ఆలోచింపబడినది. ముక్కలకు కాక అక్షరములకే సంకేతములు ఇచ్చు ఇస్కీ అను పద్ధతిని భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఐ.ఎస్. 13194 అను ప్రమాణముగా ప్రకటించెను. అదే సంవత్సరములో ప్రపంచ భాషలన్నిటికి ఒకే సంకేత పట్టికగా యూనికోడు మొదటి ప్రమాణము వెలువడినది. అందులో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఇస్కీ వరుసనే ఇది చాలవరకు అనుసరించినది.

128 స్థానములలో తెలుగు అంతయు ఎట్లు ఇమిడినది? యూనికోడులో "క్ష" అనునది ఒక అక్షరముగా లేదు. క, పొల్లు, ష అను మూడు సంకేతముల వరుసయే "క్ష". ఇట్లే "స్త్రీ" అను పదమునందు స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘము అను ఆరు సంకేతములున్నవి. "స్వాతంత్ర్యం" అను పదములో పండ్రెండు సంకేతములున్నవి. విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. మనము పలుకు క్రమములో సంకేతములు నిలువ యుండును. వానిని చూచి సరియైన రూపమును కట్టు పని మాత్రము వేరొకరికి అప్పగింపబడినది.

ఆ పని చేయు సాఫ్ట్‌వేరు భాగమును ఆకృతి కూర్పరి అని పిలువవచ్చును. దాని పని ఎంత చిక్కైనదో మన ఊరి పేరుతోనే చూతము. "బాన్సువాడ" అను పదము బ, దీర్ఘము, న, పొల్లు, స, కొమ్ము, వ, దీర్ఘము, డ అను తొమ్మిది సంకేతములు. కొమ్ము వచ్చినది స తరువాత. కాని తెలుగు వ్రాతలో ఆ కొమ్ము న మీదికి పోయి "ను" వలె కనబడి, స క్రింద ఒత్తుగా మారవలెను. అనగా కూర్పరి రెండు అక్షరములు వెనుకకు చూచి, మూల హల్లును గుర్తించి, గుణింతపు గుర్తును దానికి తగిలించి, రెండవ హల్లును ఒత్తుగా మార్చవలెను. "లక్ష్మి"లో గుడి మ దగ్గరనుండి క వరకు ప్రయాణము చేయును. "వరద" వంటి పదములో ఈ కష్టమేమియు లేదు. అందుచేతనే "వరద" విరుగదు, "బాన్సువాడ" విరుగును.

ఇంగ్లీషు అక్షరములు ప్రక్కప్రక్కన నిలబడునవే గాని ఇట్లు ఒకదానిలో ఒకటి కలియవు. ఇంగ్లీషు కొరకు వ్రాసిన సాఫ్ట్‌వేరులో కూర్పరి లేకున్నను పని జరిగిపోవును. ఆ లోటు తెలుగు వ్రాసినప్పుడే బయటపడును.

పదునొకండేండ్ల ఎడము

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్టు సంస్థ తెలుగునకు కూర్పరిని, గౌతమి అను ఫాంటును అందించినది. అప్పటినుండి యూనికోడు తెలుగు కంప్యూటరు తెరపై సరిగా కనబడుటకు మొదలైనది. పేజ్‌మేకరు చివరి ముఖ్య రూపమైన 7.0 కూడ అదే 2001లో వెలువడినది. దానికి యూనికోడు తెలియదు. దాని స్థానమున అడోబీ సంస్థ 1999లో ప్రారంభించిన ఇన్‌డిజైన్‌ను ముందుకు తెచ్చినది. ఇన్‌డిజైన్ విండోస్‌లోని కూర్పరిని వాడుకొనక, అక్షరముల కూర్పును స్వయముగా చేసికొనును. నాణ్యమైన ముద్రణకు పంక్తుల పొందిక అంతయు తన అదుపులో నుండవలెనని దాని ఉద్దేశము. ఆ స్వంత కూర్పరికి మన లిపులు చిరకాలము తెలియవు. తెలుగు సహా పది భారతీయ భాషలకు ఇన్‌డిజైన్‌లో ఆధారము చేరినది 2012లో, సి.ఎస్. 6 అను రూపముతో.

అనగా ఉత్తరములు వ్రాసికొను సామాన్య సాఫ్ట్‌వేరులో తెలుగు సరిగా వచ్చిన పదునొకండేండ్లకు గాని, పుస్తకములు కూర్చు ఖరీదైన సాఫ్ట్‌వేరులో సరిగా రాలేదు. ఈ పదునొకండేండ్లలో పాత ముక్కల ఫాంటులు మరింత పాతుకొనిపోయినవి.

2012 తరువాత కూడ చిక్కు పూర్తిగా తీరలేదు. ఇన్‌డిజైన్‌లో పంక్తులు కూర్చు విధానములు ఒకటి కంటె ఎక్కువ కలవు. అందులో వరల్డ్ రెడీ కంపోజరు అను దానిని ఎన్నుకొన్నప్పుడే తెలుగు సరిగా కూడును. ఇంగ్లీషు రూపములో స్థాపించిన సాఫ్ట్‌వేరులో మొదట వేరొక కంపోజరు అమర్చబడి యుండును. ఈ సంగతి ఎరుగని కంపోజిటరు అక్షరములు విరుగుట చూచి, ఈ సాఫ్ట్‌వేరునకు తెలుగు రాదని నిర్ణయించుకొని, మరల పేజ్‌మేకరు తెరచును. ఇది సాంకేతికముగా బగ్గు కాకపోవచ్చును. కాని మందు సీసా అలమరలో పెట్టి తాళపుచెవి ఎక్కడనున్నదో చెప్పకపోయినచో రోగికి కలుగు లాభమేమి?

కొన్ని దినములలో తీరిన మరొక దోషము

దోషములన్నియు ఇట్లు ఏండ్ల తరబడి నిలుచునా అన్నచో, అట్లును కాదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతట వార్తలకెక్కిన ఒక తెలుగు అక్షరపు కథ ఇందుకు నిదర్శనము. జ, పొల్లు, ఞ, కనబడని ఒక విడదీయు గుర్తు, దీర్ఘము అను ఐదు సంకేతముల వరుస ఐఫోనునకు సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన సాఫ్ట్‌వేరు కూలిపోయెడిది. విడదీయు గుర్తు లేని మామూలు "జ్ఞా" వలన ఏ బాధయు లేదు. ఆ గుర్తు నడుమ చేరినప్పుడే ప్రమాదము. ఆపిల్ సంస్థ కూర్పరి ఆ వరుసకు రూపము కట్టబోయి, తనది కాని స్మృతి స్థలమును తాకుచుండెను. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకు కూడ ఇదే గతి పట్టినది. విషయము బయటకు వచ్చిన కొలది దినములకే, ఫిబ్రవరి 19న, ఐ.ఓ.ఎస్. 11.2.6 అను సవరణతో ఆపిల్ సంస్థ దీనిని సరిచేసినది.

రెండును తెలుగు ఒత్తులకు సంబంధించిన దోషములే. ఒకటి కొన్ని దినములలో తీరినది, మరియొకటి పదునొకండేండ్లు నిలిచినది. తేడా దోషపు స్వభావములో లేదు. దాని వలన బాధపడినవారిలో ఉన్నది. మొదటిదానిలో ఐఫోను గల వారెవరైనను, తెలుగు రాని వారు కూడ, బాధితులు కాగలరు. పైగా స్మృతి చెడు దోషము భద్రతకు సంబంధించినది. రెండవదానిలో బాధితులు చిన్న ముద్రణాలయముల కంపోజిటర్లు. వారి విసుగు వారి గదిలోనే ఉండిపోయినది.

దోషము ఎందుకు నిలిచిపోవును?

దీనికి మూడు కారణములు చెప్పవచ్చును.

మొదటిది, పరీక్షింపవలసిన సంఖ్య. 36 హల్లులలో రెండు హల్లులు కలిసిన సంయుక్తములు 1,296 సాధ్యమగును. మూడు హల్లులు కలిసినవి 46,656. వీనికి పండ్రెండు గుణింతములు చేర్చినచో 5,59,872 రూపములగును. ఇందులో అధిక భాగము తెలుగులో లేనివే. అయినను ఎవరైనను టైపు చేసినచో కంప్యూటరు కూలిపోరాదు. ఇన్నిటిని కన్నులతో పరిశీలించుట మానవమాత్రులకు సాధ్యము కాదు. పరీక్షలు దోషములు ఉన్నవని చూపగలవే గాని లేవని నిరూపింపజాలవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా చెప్పినది ఇందుకే.

రెండవది, మరమ్మతులోని ప్రమాదము. ఫ్రెడ్ బ్రూక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1975లో ప్రచురించిన గ్రంథములో, ఒక దోషమును సరిచేసినప్పుడు మరొక దోషము పుట్టుటకు నూటికి 20 నుండి 50 వరకు అవకాశము కలదని అంచనా వేసెను. పాత ఇంటి గోడలో ఒక రాయి తీసినచో దానిమీద ఆనిన దూలము కదలును. పంక్తుల కూర్పును మార్చినచో కోట్ల పుటలలో పంక్తులు జరిగిపోవునను భయము చేత సంస్థలు వెనుకాడును.

మూడవది అన్నిటికంటె విచిత్రమైనది. కొన్ని దోషములమీద లోకము ఆధారపడిపోవును. దీనిని పాఠశాల కంప్యూటరులోనే చూడవచ్చును. ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని వ్రాసి, ఆ గడి రూపమును తేదీగా మార్చుడు. 1900 ఫిబ్రవరి 29 అని వచ్చును. అట్టి దినము చరిత్రలో లేదు. నూరుచే భాగింపబడు సంవత్సరము 400చే కూడ భాగింపబడిననే లీపు సంవత్సరమగును. 1900 అట్టిది కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అను సాఫ్ట్‌వేరులో ఈ తప్పు ఉన్నది. లోటస్ లెక్కలు తమవద్ద మారకుండ తెరచుకొనవలెనని మైక్రోసాఫ్టు సంస్థ ఆ తప్పును తెలిసియే ఉంచుకొన్నది. ఇప్పుడు దిద్దినచో ప్రపంచములోని అసంఖ్యాకమైన పట్టికలలో తేదీలు ఒక్క దినము జరుగును. అందుచేత ఆ తప్పు అట్లే ఉన్నది. అదే 60ని లిబ్రెఆఫీస్ పట్టికలో వ్రాసిన 1900 ఫిబ్రవరి 28 అని వచ్చును.

మన ముక్కల ఫాంటుల గతియు ఇదే. ఇరువదియైదు సంవత్సరములకు పైగా కూర్చిన పుస్తకములు, ప్రశ్నపత్రములు, సంచికలు వానిలోనే ఉన్నవి. వానిని విడిచిన ఆ పనియంతయు చేతికి రాకుండ పోవును. విడువకున్న కొత్త సాఫ్ట్‌వేరు అక్కరకు రాదు. ముద్రాపకుడు రెండు పడవలమీద కాళ్ళు పెట్టి నిలబడియున్నాడు. పైగా అడోబీ సంస్థ 2013లో తన ముఖ్య సాఫ్ట్‌వేరుల కొత్త రూపములను ఒక్కసారి కొనుక్కొను పద్ధతి మాని, చందా పద్ధతికి మారినది. నెలనెల చందా కట్టుట చిన్న కొట్టువానికి బరువు. ఇదియు పేజ్‌మేకరును బ్రతికించుచున్న కారణములలో ఒకటి.

నష్టము ఎవరికి?

కాగితముమీద అక్షరము అందముగా వచ్చిన చాలదా, లోపలి సంకేతములతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. కాగితముతోనే పని ముగిసిన కాలములో ఆ ప్రశ్న సరియైనదే. నేడు పాఠము కాగితము దాటి పోవుచున్నది.

ముక్కల ఫాంటులో కూర్చిన పుస్తకములో ఒక మాటను వెదకవలెనన్న సాధ్యము కాదు. ఆ పుస్తకములో కంప్యూటరునకు కనబడు తెలుగు మాట ఒక్కటియు లేదు. దానిని యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు. అవి మేలైనవే గాని పూర్తిగా నమ్మదగినవి కావు. కొన్ని ఫాంటులలో "మే" అను అక్షరము "వే" ముక్కకు కొమ్ము చేర్చి చేయబడినది. మార్పిడిలో అది "వేు" అయి కూర్చుండును. అట్లు మారిన పాఠములో "మేలు" అని వెదకినచో "వేులు" దొరకదు. కంటికి రెండును ఇంచుమించు ఒకటే, కంప్యూటరునకు వేరు.

అన్నిటికంటె పెద్ద నష్టము దృష్టి లేని విద్యార్థులకు. తెరమీది పాఠమును చదివి వినిపించు సాఫ్ట్‌వేరులు నేడు కలవు, ఎన్.వి.డి.ఏ. అనునది ఉచితముగా లభించును. అవి అక్షరపు బొమ్మను చూడవు, సంకేతమును చదువును. యూనికోడులోనున్న తెలుగు పాఠము చెవికి తెలుగుగా వినిపించును. ముక్కల ఫాంటులోని పాఠము అర్థము లేని ఇంగ్లీషు శబ్దములుగా వినిపించును. ఒకే తరగతిలో ఒకే పాఠపు పుటలు ఒక బాలునికి పాఠము, మరొక బాలునికి రొద అగుచున్నవి. ఈ దోషము అందము కొరకు దిద్దవలసినది కాదని దీనివలన తెలియగలదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

వైద్యుడు రోగమును నిర్ణయించునట్లు ఈ దోషము ఎక్కడనున్నదో విద్యార్థులే కనుగొనవచ్చును. బాన్సువాడ, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, స్వాతంత్ర్యం అను ఆరు పదములను ఫోనులో టైపు చేసి కంప్యూటరునకు పంపుడు. వానిని మొదట ఇంటర్నెట్టు బ్రౌజరులో, తరువాత పరీక్షింపదలచిన సాఫ్ట్‌వేరులో అతికించి, ఒక్కొక్కసారి ఒక్క అంశమును మాత్రమే మార్చి చూడుడు.

బ్రౌజరులో సరిగా ఉండి రెండవదానిలో విరిగినచో పాఠము మంచిదే. దోషము ఆ సాఫ్ట్‌వేరులోనో, దాని అమరికలోనో ఉన్నది. కంపోజరు వంటి అమరిక మార్చగానే బాగుపడినచో అది అమరికలోని లోపము. అమరిక అట్లే ఉంచి ఫాంటు మార్చగానే బాగుపడినచో దోషము ఫాంటుది. అక్షరములకు బదులు గళ్ళు కనబడినచో ఆ ఫాంటులో తెలుగు లేదు. ఇంగ్లీషు గజిబిజి కనబడినచో అది పాత ముక్కల ఫాంటులోని పాఠము. దానికి మార్పిడి సాధనము కావలెను. ఒక్కసారి రెండు అంశములు మార్చినచో ఏది కారణమో తెలియదు. ఈ నియమము రసాయనశాలలో ఎంత ముఖ్యమో ఇక్కడను అంతే.

దోషము సాఫ్ట్‌వేరుదే యని తేలినప్పుడు దానిని తయారుచేయువారికి తెలుపవలెను. "తెలుగు సరిగా వచ్చుట లేదు" అని వ్రాసిన ఫలము లేదు. చదువువాడు తెలుగు ఎరుగడు. సాఫ్ట్‌వేరు పేరు, రూపపు సంఖ్య, ఫాంటు పేరు, దోషము కనబడు అతి చిన్న పదము, ఎట్లు కనబడుచున్నది, ఎట్లు కనబడవలెను, మరల ఆ దోషమును రప్పించుటకు చేయవలసిన పనుల వరుస: ఇవి యుండవలెను. సరియైన రూపము, విరిగిన రూపము రెండు బొమ్మలుగా జతపరచవలెను. ఇట్టి నివేదికను చూచి తెలుగు రాని ఇంజనీరు కూడ దోషమును పట్టుకొనగలడు.

ఉచిత సాఫ్ట్‌వేరులలో ఈ మార్గము మరింత తెరచియున్నది. హార్ఫ్‌బజ్ అను ఆకృతి కూర్పరి మూలము అందరికి బహిరంగము. క్రోము, ఫైర్‌ఫాక్సు బ్రౌజర్లు, ఆండ్రాయిడ్ ఫోనులు, లిబ్రెఆఫీస్ దానినే వాడుచున్నవి. కనుక అందులో ఒక్క తెలుగు దోషము తీరినచో ఇన్ని చోట్ల ఒక్కసారి తీరినట్లే. పుటలు కూర్చు స్క్రైబస్ అను ఉచిత సాఫ్ట్‌వేరు కూడ తన 1.6 రూపములో మన వంటి లిపులకు ఆధారము చేర్చుకొన్నది. పోతన, వేమన, మండలి, రామభద్ర వంటి యూనికోడు ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. వీనిలోను దోషములుండవచ్చును, కాని వానిని చూపుటకు, దిద్దుటకు అడ్డులేదు.

కొత్తగా చేయు పనినంతయు యూనికోడులోనే చేయుట, పాత పనిని మార్చునప్పుడు చదివి సరిచూచుట అను రెండు నియమములను పాఠశాలలు పాటింపవచ్చును. ప్రశ్నపత్రము, పాఠశాల సంచిక, విద్యార్థుల పేర్ల పట్టిక: వీనితో ప్రారంభించిన చాలును. ఇక ముద్రాపకుని నేర్పు పాతది కాలేదు. ఏ ఒత్తు ఎక్కడ దిగవలెనో, ఏ గుడి ఎంత వంపు తిరుగవలెనో అతనికి తెలిసినట్లు సాఫ్ట్‌వేరు వ్రాయువానికి తెలియదు. అతడు గుర్తించిన దోషమును, పాఠశాల విద్యార్థి పరీక్షించి, ఒక పుటలో స్పష్టముగా వ్రాసి పంపగలిగినచో, ఇంతకాలము కొట్టులోని విసుగుగా మిగిలినది దిద్దుబాటునకు ఆధారమగును. ఆ ఆరు పదముల పరీక్షను ఈ వారమే మీ పాఠశాల కంప్యూటరుమీద చేసి చూడుడు.